ఆఖరి పత్తా మీద ఆశ

కింద కమ్మరి కొలిమి. తెల్లారకముందే సమ్మెట దెబ్బలు మొదలవుతాయి. ఆ చప్పుడు మీదే అద్దెకు తీసుకున్న చిన్న గదులు. లోపల ఇరవై ఏళ్ల గర్భిణి వాంతులతో నీరసించి పడుకుని ఉంది. తలుపు తెరుచుకుని భర్త వస్తాడు. అతని ముఖం చూడగానే ఆమెకు తెలిసిపోతుంది, ఇవాళ కూడా పోయిందని. అతను మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తాడు. తాను దుర్మార్గుడినంటాడు, క్షమించమంటాడు. కాసేపటికి లేచి, కుదువ పెట్టడానికి ఇంకేమున్నాయని అడుగుతాడు. పెళ్లికి తానే పెట్టిన కమ్మలు, బ్రూచి అప్పటికే వెళ్లిపోయాయి. ఇప్పుడు వేలి ఉంగరం వంతు.

అది 1867 వేసవి. ఊరు జర్మనీలోని బాడెన్-బాడెన్. భర్త పేరు ఫ్యోదర్ దస్తయేవ్‌స్కీ, భార్య పేరు అన్నా. 'నేరము-శిక్ష' రాసి ఏడాదైనా కాని మహారచయిత రూలెట్ చక్రం ముందు రోజూ ఓడిపోయి ఇంటికి వస్తున్నాడు. అన్నా మాత్రం ఇదంతా షార్ట్‌హ్యాండ్‌లో డైరీగా రాసుకుంటోంది. ఆ గీతలు భర్తకు చదవడం రాదు.

ఇందులో బాడెన్-బాడెన్ పేరు తీసేసి జనగామనో, మహబూబాబాద్‌నో, భూపాలపల్లినో పెట్టండి. కమ్మల చోట పుస్తెలతాడు పెట్టండి. రూలెట్ చక్రం చోట సెల్‌ఫోన్ పెట్టండి. కథలో ఇంకేమీ మార్చక్కర్లేదు.

రష్యన్ రచయితలు మళ్లీ ఎందుకు గుర్తొచ్చారు?

రెండు కారణాలు. మొదటిది బెట్టింగ్ యాప్‌లు. 2025 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఈ యాప్‌లకు ప్రచారం చేశారంటూ సినీ నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసు పెట్టడంతో ఊరూరా ఇదే చర్చ అయింది. అదే ఏడాది ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. దేశంలో 45 కోట్ల మంది ఏటా దాదాపు 20 వేల కోట్ల రూపాయలు ఈ ఆటల్లో పోగొట్టుకుంటున్నారన్నది అప్పుడు ప్రభుత్వ వర్గాలు చెప్పిన అంచనా.

రెండోది కుర్రాళ్ల రీల్స్. దస్తయేవ్‌స్కీ 1848లో రాసిన 'శ్వేతరాత్రులు' అనే చిన్న ప్రేమకథ ఉన్నట్టుండి ప్రపంచమంతటా యువత ఫోన్లలోకి ఎక్కింది. పుస్తకం తెరవని వాళ్లు కూడా అందులోని విరహాన్ని స్టేటస్ పెట్టుకుంటున్నారు. అంటే ఒకే ఫోన్‌లో ఒక వేలు పైకి తోస్తే భగ్నప్రేమ, ఇంకోసారి తోస్తే పందెం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు రష్యన్ రచయితలే.

జనగామ వైపు వాళ్లకు రష్యన్ పుస్తకం పరాయిదేమీ కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన ప్రాంతమిది. ఆ తెలంగాణ సాయుధ పోరాటం వెంట ఎర్రజెండా వచ్చింది, జెండా వెంట పుస్తకం వచ్చింది. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోనే అచ్చువేసి పంపిన పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికేవి. గోర్కీ 'అమ్మ' చదవని కార్యకర్త ఉండేవాడు కాదు. టాల్‌స్టాయ్, చెహోవ్, పుష్కిన్ వచ్చారు. దస్తయేవ్‌స్కీ 'పేదజనం', 'శ్వేతరాత్రులు' కూడా వచ్చాయి. మన పెద్దలు ఆ పుస్తకాల్లో విప్లవాన్ని వెతుక్కున్నారు. వెతుక్కోవాల్సిందే. అయితే అవే అరల్లో మన ఇళ్లను లోపలినుంచి తినేసే ఇంకో జబ్బు గురించి రాసిన పేజీలున్నాయి. వాటి మీద మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇస్పేటు రాణి నవ్వింది

1834లో పుష్కిన్ అచ్చువేయించిన 'ఇస్పేటు రాణి'లో హెర్మన్ అనే సైనిక ఇంజనీరు ఉంటాడు. పొదుపరి. స్నేహితులు తెల్లవార్లూ పత్తాలాడుతుంటే పక్కన కూర్చుని చూస్తాడే తప్ప పత్తా ముట్టడు. అవసరానికి ఉన్న డబ్బును అదనపు డబ్బు కోసం ఒడ్డలేనంటాడు. మన ఊళ్లలోనూ ఆటకు దూరంగా నిలబడి, ఎవరు గెలుస్తున్నారో లెక్క పెట్టుకునే మనిషి ఒకడుంటాడు. రోగం మొదలయ్యేది అతనిలోనే.

ఒక ముసలి దొరసానికి గెలిచే మూడు ముక్కల రహస్యం తెలుసని హెర్మన్ వింటాడు. ఆమె దగ్గర పెరుగుతున్న లిజవేత అనే అమ్మాయికి ప్రేమలేఖలు రాస్తాడు. మొదటి ఉత్తరం ఒక జర్మన్ నవల నుంచి మక్కికి మక్కి ఎత్తిరాసింది. అమ్మాయి నమ్మి రాత్రిపూట ఇంట్లోకి దారి చెప్తుంది. అతను ఆమె గదికి వెళ్లకుండా ముసలామె గదిలోకి వెళ్తాడు. పిస్తోలు చూసి ఆమె ప్రాణం పోతుంది. తర్వాత దయ్యమై వచ్చి మూడు, ఏడు, ఆసు అని చెప్తుంది. మొదటి రాత్రి 47 వేలు ఒడ్డి గెలుస్తాడు. రెండో రాత్రి ఉన్నదంతా పెట్టి మళ్లీ గెలుస్తాడు. మూడో రాత్రి ఆసు అనుకుని తిప్పిన ముక్క ఇస్పేటు రాణి. ఆ రాణి తనను చూసి కన్నుగీటి నవ్వినట్టు అతనికి కనిపిస్తుంది. పిచ్చాసుపత్రిలో కథ ముగుస్తుంది.

ఆ ఆట మనకు తెలియనిదేమీ కాదు. ఒకడు పత్తా ఎంచుకుంటాడు, పంచేవాడు కుడికొకటి ఎడమకొకటి వేస్తూ పోతాడు, ఎంచుకున్న ముక్క ఏ వైపు పడిందన్నదే పందెం. మామిడితోటల్లో, వ్యవసాయ బావుల దగ్గర, జాతరల వెనక సందుల్లో మనవాళ్లు ఆడే లోపల-బయట కూడా దాదాపు ఇదే. బుర్రతో పనిలేదు, నేర్పుతో పనిలేదు. అందుకే అది అంత వేగంగా మింగుతుంది.

పెట్టె 1: పదమూడు ముక్కల తీర్పు

రమ్మీ నేర్పుతో కూడిన ఆటా, జూదమా అనే వాదనలో దేశమంతా ఇప్పటికీ చూపించే తీర్పు మన నేల మీది కేసులోనిదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పాత హైదరాబాద్ జూద చట్టం కింద పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు పదమూడు ముక్కల రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆటేనంది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఈ తీర్పునే డాలుగా వాడుకున్నాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, నేర్పు పేరుతో ఉన్న ఆ మినహాయింపును తీసేసింది, ఆన్‌లైన్ పందేలనూ నిషేధంలో చేర్చింది. 2025 కేంద్ర చట్టం ప్రకారం ఇలాంటి ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆడి మోసపోయినవారికి ఆ చట్టంలో శిక్ష లేదు. ఈ సంగతి తెలియక, పోలీసుల భయంతో నోరు మూసుకునే కుటుంబాలే ఎక్కువ.

నానమ్మ గెలవకపోయి ఉంటే

1865లో దస్తయేవ్‌స్కీ అప్పుల్లో పీకలదాకా మునిగి, స్తెలోవ్‌స్కీ అనే ప్రచురణకర్తతో మూడు వేల రూబుళ్లకు ఒప్పందం చేసుకున్నాడు. 1866 నవంబరు 1లోగా కొత్త నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్లపాటు అతని రచనలన్నీ ఆ ప్రచురణకర్త పైసా ఇవ్వకుండా అచ్చువేసుకోవచ్చు. గిరిగిరి వ్యాపారి ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకోవడం లాంటిదే. గడువు నెలరోజులు కూడా లేదనగా షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్న అన్నా పనికి వచ్చింది. ఆయన చెప్తుంటే ఆమె రాసుకుంది. 26 రోజుల్లో 'జూదరి' నవల పూర్తయింది. అప్పగించే రోజున ప్రచురణకర్త ఊళ్లోనే లేడు. రాతప్రతిని పోలీసు ఠాణాలో ఇచ్చి రసీదు తీసుకోవాల్సి వచ్చింది. కొన్ని నెలలకే, 1867 ఫిబ్రవరిలో, ఆ ఇద్దరికీ పెళ్లయింది.

నవలలో నన్ను వదలని పాత్ర కథానాయకుడు కాదు, నానమ్మ. జర్మనీలో రూలెట్ ఊరు. అక్కడ దివాలా తీసిన రష్యన్ జనరల్ కుటుంబం మాస్కోలో ఉన్న ముసలావిడ చావు కబురు కోసం టెలిగ్రాముల మీద టెలిగ్రాములు పంపుతూ ఉంటుంది. ఆస్తి రావాలి కదా! టెలిగ్రాము రాదు, కుర్చీలో మోయించుకుంటూ ముసలావిడే వస్తుంది. డెబ్బై ఐదేళ్లు. నోరు పెద్దది, మనసు మంచిది. అందరినీ కడిగేసి, ఆ చక్రం ఏమిటో చూద్దాం పదమంటుంది.

సున్నా మీద పెడితే ఒకటికి ముప్పై ఐదు ఇస్తారని విని సున్నా మీదే పెట్టిస్తుంది. పోతుంది. మళ్లీ సున్నా. పోతుంది. మళ్లీ సున్నా. పడుతుంది! చుట్టూ జనం చప్పట్లు. ఆ పూట కుర్చీలో రాణిలా తిరిగి వెళ్తుంది, దారిలో బిచ్చగాళ్లకు డబ్బులు పంచుతుంది. ఆ తర్వాత తెచ్చుకున్నదంతా చక్రంలో పోసి, మాస్కో వెళ్లడానికి చార్జీలు అప్పు తీసుకుంటుంది.

ఆమెను ముంచింది చివరి ఓటమి కాదు, మొదటి గెలుపు. యాప్‌ల వాళ్లకు ఈ రహస్యం బాగా తెలుసు. రంగు చెప్పు, డబ్బు గెలువు అనే యాప్‌లో చేరగానే బోనస్ వేస్తారు. మొదట్లో చిన్న మొత్తాలు వెంటనే బ్యాంకు ఖాతాలో పడతాయి. వంద పెడితే రెండు వందలు నిజంగానే వచ్చాయన్న ఆ ఒక్క అనుభవం నెలలపాటు పనిచేస్తుంది. రూలెట్‌లో ఎరుపా నలుపా అనేవారు, ఇందులో ఎరుపా పచ్చనా అంటారు. చక్రం ఆగడానికి కొంత సమయం పట్టేది. ఫోన్‌లో నిమిషం కూడా పట్టదు. దస్తయేవ్‌స్కీ కనీసం రైలెక్కి జర్మనీ వెళ్లాల్సి వచ్చింది. భూపాలపల్లి బొగ్గుబావిలో రాత్రి షిఫ్టు దిగి గదికి వచ్చిన కుర్రాడు మంచం మీద నుంచి లేవక్కర్లేదు.

ఈ మూడు జిల్లాల్లో డబ్బు నెలనెలా సమంగా రాదు. జనగామలో పత్తి, వడ్లు అమ్మినప్పుడు, మానుకోట (మహబూబాబాద్)లో మిర్చి అమ్మినప్పుడు, భూపాలపల్లి సింగరేణి కాలనీల్లో దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ వచ్చినప్పుడు ఒక్కసారిగా చేతిలో పెద్ద మొత్తం ఉంటుంది. మిగతా రోజులు అప్పు. ఇలాంటి జేబునే జూదం వెతుక్కుంటుంది. ఏడాది కష్టం ఒక వారంలో చేతికొచ్చే మనిషికి, ఒక్క రాత్రిలో రెట్టింపవడం అసాధ్యం అనిపించదు. అందుకే దాన్ని అత్యాశ అని తీసిపారేయడం నాకు ఇష్టం ఉండదు. అప్పు తీర్చాలన్న నిజాయితీతోనే చాలామంది ఆటలో దిగుతారు. దస్తయేవ్‌స్కీ కూడా తన అన్న కుటుంబపు అప్పులు తలకెత్తుకున్నవాడే.

ఆమె పేరు చెప్పి

'జూదరి' కథానాయకుడు అలెక్సేయ్ జనరల్ ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే బీదవాడు. జనరల్ సవతి కూతురు పోలీనా అంటే పడిచస్తాడు. చెప్తే కొండ మీంచి దూకుతానంటాడు, తాను ఆమె బానిసనంటాడు. ఒక రాత్రి ఆమె నిజంగానే అతని గదికి వస్తుంది. తనను అవమానించిన మనిషి ముఖాన యాభై వేల ఫ్రాంకులు విసిరికొట్టాలి, డబ్బు లేదు. అతను ఆమెను గదిలో వదిలి జూదశాలకు పరుగెత్తుతాడు. రెండు లక్షలు గెలుస్తాడు. ఆ బల్ల దగ్గర గడిపిన సేపూ పోలీనా అతనికి దాదాపు గుర్తే లేదు. ఎవరికోసం వచ్చాడో ఆ మనిషి మనసులోంచి జారిపోయింది. పొద్దున్నే ఆమె ఆ యాభై వేలూ అతని ముఖానే కొట్టి వెళ్లిపోతుంది.

జూదరి ఇంట్లో మనం వినే మాట కూడా ఇదే కదా. పిల్లల కోసం ఆడాను, నీకోసం ఆడాను, చెల్లె పెళ్లి కోసం ఆడాను. మొదటిరోజు అది నిజమే కావచ్చు. పదోరోజుకు ఆ పిల్లల పేర్లు ఆట మధ్యలో ఎక్కడా ఉండవు.

టాల్‌స్టాయ్ ఇంకో కోణం చూపించాడు. 'యుద్ధము-శాంతి'లో దొలోహవ్ అనే సైనికాధికారి సోన్యాను పెళ్లాడతానని అడుగుతాడు. ఆమె కాదంటుంది, ఆమె మనసు నికొలాయ్ రొస్తోవ్ మీద ఉంది. దొలోహవ్ ఆమెను ఏమీ అనడు. రొస్తోవ్‌ను పత్తాలాటకు పిలుస్తాడు. నలభై మూడు వేల రూబుళ్ల బాకీ అయ్యేదాకా ఆడించి ఆపుతాడు. ఆ అంకె ఎందుకు? దొలోహవ్ వయసు, సోన్యా వయసు కలిపితే నలభై మూడు. పగబట్టిన ప్రేమ తన లెక్కను పత్తాల్లో రాసుకుంది. తండ్రి కొడుకు చేతిలో పెట్టింది రెండు వేలు మాత్రమే, జాగ్రత్తగా వాడుకోమని. ఆ ఇంటి తండ్రి ముందు కొడుకు ఏమీ ఎరగనట్టు తేలిగ్గా ఆ బాకీ మాట చెప్పే పేజీని, ఇంట్లో మగపిల్లలున్న ప్రతి తండ్రీ చదవాలి. టాల్‌స్టాయ్‌కి అది ఊహ కాదు. యౌవనంలో తాను పుట్టిన ఇంటిని అమ్మి, ఆ డబ్బును పత్తాల్లో పోగొట్టుకున్నాడు. కొన్నవాళ్లు ఆ ఇంటిని విప్పి వేరే ఊరికి తీసుకుపోయారు.

కాదన్న ఆడపిల్ల మీద పగబట్టడం మనకూ తెలుసు. ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11 దాకా చాలావరకు ఉమ్మడి వరంగల్‌లో భాగాలు. ఆ వరంగల్‌లోనే 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఒకామె ఆ నెల దాటలేదు. నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు, జనం పోలీసులకు పూలదండలు వేశారు. కానీ ఒక అబ్బాయికి 'కాదు' అన్న మాట ఎందుకు వినపడలేదన్న ప్రశ్న ఆ కాల్పులతోనే ముగిసిపోయింది. దాన్ని అక్కడ వదిలేయడం మన తప్పు. వెంటపడగా పడగా చివరికి అమ్మాయి ఒప్పుకునే సినిమాలు చూసి పెరిగిన కుర్రాడికి 'కాదు' అన్నది ఓడిపోయిన ఆటలా వినిపించదు. ఇంకో ఆట మిగిలి ఉన్నట్టు వినిపిస్తుంది. జూదరి చెవి కూడా అలాగే వింటుంది. ఈ రెండు జబ్బులూ ఒకే చోట కలుస్తాయని దస్తయేవ్‌స్కీ అందుకే కనిపెట్టగలిగాడు. పోలీనా పాత్రకు మూలమైన సూస్లవా అనే యువతి వెంట తిరుగుతూనే 1863లో ఆయన రూలెట్‌కు బానిసయ్యాడు.

రీల్స్‌లో తిరుగుతున్న 'శ్వేతరాత్రులు'ను పూర్తిగా చదివితే మాత్రం వేరే సంగతి కనిపిస్తుంది. నాలుగు రాత్రుల పరిచయం తర్వాత నాస్తెంకా తన పాత ప్రియుడి దగ్గరికి వెళ్లిపోతుంది. ఒంటరివాడైన ఆ కుర్రాడు ఆమెను నిందించడు, వెంటపడడు. చల్లగా ఉండమంటాడు. ఓడిపోయిన చోట లేచి వెళ్లగలిగినవాడు అతనొక్కడే. స్టేటస్‌లో పెట్టుకోవాల్సింది ఏదైనా ఉంటే ఆ పేజీ.

పెట్టె 2: నలుడి కథలో ఒక ప్రమాదం

ప్రేమా జూదమూ ఒకే కథలో ఉన్నది మనకు నలదమయంతుల కథలో. శ్రీనాథుడి 'శృంగార నైషధం' పెళ్లి వేడుకల దగ్గరే ఆగుతుంది, పాచికల దాకా రాదు. రాజ్యం పోయి, అడవిలో నిద్రపోతున్న దమయంతిని సగం చీరతో వదిలివెళ్లే నలుణ్ని నన్నయ భారతంలోని అరణ్యపర్వంలో చూస్తాం. దమయంతిని పందెం కాయమంటే మాత్రం నలుడు కాయలేదు, అక్కడ ధర్మరాజు కంటే మేలు. అయితే కథ చివర అతను అక్షహృదయం నేర్చుకుని మళ్లీ పాచికలాడి అంతా గెలుచుకుంటాడు. ఏ జూదరికైనా చెవికెక్కేది ఈ ముగింపే. 'జూదరి' నవలలో ఈ ఓదార్పు లేదు. పోలీనా నిన్నే ప్రేమించిందని స్నేహితుడు చెప్పాక కూడా అలెక్సేయ్ చేతిలో ఉన్న కొద్దిపాటి నాణేలతో రేపటి ఆట గురించే ఆలోచిస్తాడు. నిజం చెప్పిన ముగింపు అది.

ఎవరు మానిపించారు?

పెళ్లయ్యాక నాలుగేళ్లు దస్తయేవ్‌స్కీ ఆట మానలేదు. మానేస్తానని రాసిన ఉత్తరాలు బోలెడు. 1871 ఏప్రిల్‌లో వీస్‌బాడెన్‌లో, తిరిగి రావడానికి భార్య పంపిన డబ్బు కూడా పోగొట్టుకుని, ఇదే ఆఖరని మరోసారి రాశాడు. ఈసారి మాట నిలబెట్టుకున్నాడు. 1881లో చనిపోయేదాకా మళ్లీ ఆడలేదు. ఎలా మానగలిగాడన్నదానికి విమర్శకులు చాలా కారణాలు చెప్తారు. 1872 చివరికి జర్మనీలో జూదశాలలే మూసేశారన్న సంగతిని కూడా మరిచిపోకూడదు. మనిషి సంకల్పానికి చట్టం తోడుండాలి.

అయితే నాకు కనిపించే అసలు మనిషి అన్నా. ఆమె భర్తది చెడ్డ బుద్ధి అనుకోలేదు, జబ్బు అనుకుంది. వైద్యశాస్త్రం అదే మాట అనడానికి వందేళ్లకు పైగా పట్టింది. తిట్టలేదు. అయితే ఊరుకోనూ లేదు. రష్యాకు తిరిగొచ్చాక డబ్బు వ్యవహారం మొత్తం తన చేతిలోకి తీసుకుంది. అప్పులవాళ్లతో తానే మాట్లాడింది. 1873 నుంచి భర్త పుస్తకాలను తానే అచ్చువేయించి, ఇంటి నుంచే అమ్మి, ఏళ్ల తరబడి బాకీలు తీర్చింది.

మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. భర్త బాకీ తీర్చడానికి భార్య పొదుపు సంఘంలో అప్పు తీసుకుంటుంది, పుట్టింటి నుంచి తెస్తుంది, పుస్తెలతాడు కుదువ పెడుతుంది. లెక్క మాత్రం అతని చేతిలోనే ఉంటుంది. బొగ్గుబావుల ఊళ్లలో జీతం పడే ఏటీఎం కార్డే వడ్డీవ్యాపారి జేబులో ఉండటం కొత్త కాదు. పరువు పోతుందని బయటికి చెప్పరు. నాలుగోసారి అప్పు తీర్చాక ఏదో ఒక పొద్దున పురుగులమందు డబ్బా దొరుకుతుంది. ఆ మర్నాడు పత్రికలో నాలుగు వాక్యాల వార్త. ఇలాంటి వార్తలకు మనం అలవాటు పడిపోయాం, పడకూడదు.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే మొదట చేయాల్సింది అప్పు తీర్చడం కాదు, డబ్బు అతని చేతికి అందకుండా చూడటం. జీతం ఖాతా, యూపీఐ, కార్డు అతని ఇష్టంతోనే ఇంకొకరి చేతిలోకి రావాలి. మానేస్తానన్న మాట వందోసారి విన్నా ఎగతాళి చేయకండి. అలాగని ఆ మాట మీదే మళ్లీ డబ్బూ ఇవ్వకండి. యాప్ మోసానికి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వండి. మనసు చెదిరినప్పుడు, బతకాలనిపించనప్పుడు, ఆట మానలేకపోతున్నప్పుడు 14416కు చేయండి. అది ప్రభుత్వ టెలి-మానస్ సహాయవాణి. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. జూదరే చేయనక్కర్లేదు. అతని భార్య, తల్లి, తమ్ముడు, స్నేహితుడు, ఎవరైనా చేయొచ్చు.